ఒక బోర్డు, నాలుగు గల్లంతు

నూకరత్నానికి భయపడటానికి కారణం అక్కర్లేదు. కారణమంటూ ఒకటి దొరికితే ఆవిడకి కాస్త ధైర్యంగా కూడా ఉంటుంది. కూతురు ఇందుమతి ఫోను ఎత్తకపోతే బస్సు బోల్తా పడిందనుకుంటుంది. మొదటి మోతకే ఎత్తితే, ఫోను చేతిలో పట్టుకుని కూర్చుందంటే ఆస్పత్రిలో ఉందేమో అనుకుంటుంది. పిల్ల ఎదురుగా కూర్చుని ఉప్మా తింటున్నప్పుడు మాత్రం భయపడదు. జీడిపప్పు గొంతుకి అడ్డం పడుతుందేమోనని చూస్తూ ఉంటుంది, అంతే.

ఇలాంటి మనిషికి ఉద్యోగం కూడా తగినదే దొరికింది. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న సందేశ పరికరాల పరిశోధనా కేంద్రంలో ఆవిడ భర్త జీపు డ్రైవరు. సర్వీసులో ఉండగానే పోయాడు. ఎనిమిదో తరగతి చదివిన నూకరత్నానికి స్టోర్సులో అటెండరు పని ఇచ్చారు. సాయంత్రం తాళం వేసి లాగి చూడటం ఆవిడ డ్యూటీ. గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ లాగి చూడటం డ్యూటీ కాదు. పదిహేనేళ్ళుగా అదీ చేస్తోంది.

ఇందుమతి అదే కేంద్రంలో ఇంజనీరుగా చేరింది. రెండేళ్ళ ప్రొబేషను. ఆ రెండేళ్ళూ కూర్చుని అరచేతి వెడల్పు బోర్డు ఒకటి తయారుచేసింది. అది ఏం చేస్తుందో చెప్పమని నూకరత్నం మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ అడిగింది.

"అమ్మా, చిన్నమ్మకి ఆవకాయ పార్సిలు ఎలా పంపుతావు?"

"ఎలాగేటి? పైన అడ్రసు రాస్తాను. వానకి తడిస్తే చెరిగిపోతాదని అడుగునా రాస్తాను. అదీ చిరిగిపోతే? లోపల చీటీ పెడతాను. చీటీకి నూనె అంటీసిందనుకో... అందుకని మూత మీద మేకుతో గీస్తాను."

"నా బోర్డు చేసేది అదే. మాట గాల్లో పోతున్నప్పుడు దార్లో కొన్ని అక్షరాలు చెడిపోతాయి. అందుకని బయల్దేరేముందే కొన్ని అదనంగా కలిపి పంపుతాం. వాటిని బట్టి అవతలివాళ్ళు చెడినవేవో పట్టుకుని దిద్దుకుంటారు. అయితే ఉపగ్రహానికి కలిపే పద్ధతి ఒకటి, సెల్‌ఫోనుకి ఒకటి, టీవీకి ఒకటి, ఓడల వైర్‌లెస్‌కి ఒకటి, వైఫైకి ఇంకొకటి. ఇదివరకు ఒక్కోదానికి ఒక్కో పెట్టె కావాలి. నాది ఒక్కటే బోర్డు. ఏ పద్ధతి కావాలో చెబితే లోపలి అమరిక అదే మార్చుకుంటుంది."

నూకరత్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించింది. "అయితే నా భయాన్నే పెట్టెలో పెట్టీసేవన్న మాట."

"పెట్టె కాదమ్మా, బోర్డు."

"ఏదైతేనేటి. కింద పడితే పగిలిపోతాదా?"

ఆ బోర్డు నమోదు కోసం స్టోర్సుకి వచ్చింది. స్టోర్సు సూపరింటెండెంటు పట్నాయక్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని, పెద్ద రిజిస్టరు తెరిచి, "బోర్డు, ఒకటి" అని రాయబోయాడు. ఆ కలాన్ని అలా పోనిచ్చి ఉంటే ఈ కథ లేదు. పక్కనే జిగురుసీసా పట్టుకుని నిలబడ్డ నూకరత్నం రిజిస్టరు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబూ, ఒకటని రాసీకండి. అది అయిదు పనులు చేస్తాదట. రేపు ఎవరైనా వచ్చి, మిగతా నాలుగూ ఏవి, అని అడిగితే నా కూతురు గుంట ఏటి చెప్తాది?"

"వస్తువు ఒకటే కదా రత్నమ్మా."

"ఇప్పుడు మీరున్నారు కాబట్టి ఒకటే. మీరు రిటైరైపోయాక?"

పట్నాయక్ గారు తన రిటైర్మెంటు మాట వింటే ఎప్పుడూ కలం కింద పెట్టేస్తాడు. నిబంధనల పుస్తకం తీశాడు. 'ప్రతి వస్తువును అది చేయు పనిని బట్టి నమోదు చేయవలెను' అని స్పష్టంగా ఉంది. అయిదు పనులు కాబట్టి అయిదు గీతలు గీశాడు. ఉపగ్రహ సంకేత యంత్రము, ఒకటి. సెల్‌ఫోను సంకేత యంత్రము, ఒకటి. అలా వైఫై దాకా. అయిదు నెంబర్ల చీటీలు నూకరత్నమే ఒకదాని పక్కన ఒకటి బోర్డు వెనక అతికించింది. ఒకటి ఊడితే ఏమవుతుందోనని చుట్టూ సెల్లోటేపు కూడా వేసింది. పరీక్షల హడావుడిలో ఉన్న ఇందుమతి వచ్చి, "అయిదు సంతకాలెందుకమ్మా?" అంది.

"ఒకటి చెరిగినా నాలుగుంటాయి కదే" అంది తల్లి.

తను చెప్పిన పాఠమే కాబట్టి కూతురు నవ్వి, అయిదు చోట్లా సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

ప్రొబేషను పూర్తికావడానికి పదిరోజులుందనగా తనిఖీ అధికారి శేషావతారం గారు ప్రధాన కార్యాలయం నుంచి దిగారు. ఆయన దగ్గర టార్చిలైటు, టేపు, ఎర్రపెన్సిలు ఉంటాయి. ఇందుమతి పేరిట ఉన్న సామానంతా ఉన్నచోట ఉందని ఆయన రాస్తే ఆ పిల్ల ఉద్యోగం పర్మనెంటు. రాయకపోతే ఇంటికి. మీటరు చూశారు, టిక్కు. కుర్చీ చూశారు, అటూ ఇటూ తిప్పి మరీ టిక్కు. బోర్డు దగ్గరికి వచ్చారు.

"వరుస సంఖ్య నాలుగు వందల పన్నెండు. ఉపగ్రహ సంకేత యంత్రము. ఉన్నది. నాలుగు వందల పదమూడు?"

"అదే సార్" అంది ఇందుమతి.

"అది పన్నెండు."

"పదమూడు కూడా అదే."

"అమ్మా, పన్నెండు నా చేతిలో ఉన్నది. నా చేతిలో ఉన్నదానిని వేరొక వస్తువుగా నేను ఎట్లు ధ్రువీకరింతును? పదమూడు చూపించండి."

ఇందుమతి మీట నొక్కింది. బోర్డు మీద దీపం పచ్చనుంచి నీలానికి మారింది. "ఇదుగో సార్, ఇప్పుడిది పదమూడు."

శేషావతారం గారు రిజిస్టరు వంక, బోర్డు వంక, మళ్ళీ రిజిస్టరు వంక చూశారు. "మరి పన్నెండు ఏమైనది?"

ఆ సాయంత్రానికి మెమో వచ్చింది. 'పైన ఉదహరించిన అయిదు యంత్రములలో ఒక సమయమున ఒకటికి మించి కనుపించనందున, నాలుగు యంత్రములు గల్లంతైనవిగా భావించి, తగు సంజాయిషీ కోరడమైనది.' నూకరత్నం ఆ మెమోని మూడుసార్లు చదివింది. పదిహేనేళ్ళుగా ఆవిడ ఏ కాగితం గురించి భయపడుతోందో ఆ కాగితం ఇదే. చూస్తే మామూలు తెల్ల కాగితమే.

"అయిదూ రాయించింది నేనే కదే" అంది నీళ్ళు నిండిన కళ్ళతో.

"నువ్వు మంచికే చేశావులే అమ్మా."

"అదే మరి. మంచికి నేను చేసిందేదీ ఎప్పుడూ మంచికి కాలేదు."

మర్నాటి నుంచి కేంద్రంలో వెతుకులాట మొదలైంది. గేటు దగ్గర క్యారేజీలు విప్పించారు. సాంబారులో గరిటె పెట్టి చూశారు. డైరెక్టరు గారి కారు డిక్కీ తెరవబోయి, ఆయన చూసిన చూపుకి, "గాలి ఉందో లేదో చూస్తున్నాం సార్" అన్నారు. నూకరత్నం ఇంటికీ ముగ్గురొచ్చారు. ఆవిడ వాళ్ళకి ఎదురెళ్ళి, బియ్యం డబ్బా తనే కుమ్మరించింది, పరుపు తనే తిరగేసింది. "అటక మీద చూశారేటి? చూడండి బాబూ, చూసీండి. మమ్మల్ని ఇరికించడానికి ఎవరైనా పెట్టీసేరేమో." వెతికేవాళ్ళే చివరికి, "చాల్లే రత్నమ్మా, మాకు ఇంకో ఇల్లు ఉంది" అని బయటపడ్డారు.

ఇంతా జరిగాక ఆవిడకే అనుమానం వచ్చింది. బోర్డు ఒకటేనని తెలుసు. చేత్తో పట్టుకుంది, వెనకాల చీటీలు అతికించింది. అయినా గవర్నమెంటు కాగితం మీద నాలుగు పోయాయని ఉంది. అంత చదువుకున్నవాళ్ళు ఊరికే రాస్తారా? మధ్యాహ్నం ఎవరూ చూడకుండా గోడౌను వెనకాల తుప్పల్లోకి వెళ్ళి, కర్రతో గడ్డి పక్కకి తీసి వెతికింది. పాత కంప్యూటరు మౌసు ఒకటి దొరికింది. దాన్ని తెచ్చి స్టోర్సులో అప్పగించింది. పట్నాయక్ గారు తల పట్టుకున్నాడు.

"దీన్ని ఏ లెక్కలో రాయమంటావు? ఇది పోయినట్టు ఎక్కడా లేదే!"

బుధవారంనాడు నోటీసుబోర్డు మీద ప్రకటన అంటించారు. 'గల్లంతైన నాలుగు యంత్రములును చూచుటకు లభ్యమైయున్న యంత్రమును అచ్చముగా పోలియుండును. ఆచూకీ తెలిసినవారు భద్రతా విభాగమునకు తెలుపగోరుచున్నాము.' అది శ్రద్ధగా చదివిన సెక్యూరిటీ గార్డు నేరుగా ఇందుమతి గదికి వెళ్ళి, బల్లమీద అచ్చం అలాంటిదే ఉండటం చూసి, స్వాధీనం చేసుకుని, సీలు వేసి తెచ్చాడు. అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు. గల్లంతైన వాటిలో ఒకటి దొరికిందని రాసుకున్నారు. అయితే ఇందుమతి బల్లమీద ఉండవలసిన మొదటిది ఆ పూటే మాయమైందని తేలడంతో, మొత్తం మీద గల్లంతైనవి నాలుగుగానే ఉన్నాయి.

గురువారం పొద్దున విచారణ. కమిటీకి అధ్యక్షులు డైరెక్టరు గారే. కుడిపక్కన శేషావతారం గారు, ఎడమపక్కన పట్నాయక్ గారు. నీళ్ళ గ్లాసులు అందించడానికి నూకరత్నం. ఆవిడ పళ్ళెంలో గ్లాసులు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటోంది.

"చిరంజీవి ఇందుమతి" అన్నారు డైరెక్టరు గారు, శుభలేఖ చదువుతున్నట్టు. "ఈ కమిటీ ఎవరియందును పక్షపాతము వహింపదు. మీ యంత్రములు అయిదింటిని ఏకకాలమున మా సమక్షమున ఉంచినచో చాలును."

"ఏకకాలంలో కుదరదు సార్. అది అవసరాన్ని బట్టి మారుతుంది. అదే దాని గొప్ప. చూడండి." సీలు తీసిన బోర్డు మీద మీట నొక్కింది. దీపం నీలమైంది.

"రికార్డు చేయండి. పదమూడవ యంత్రము లభ్యమైనది" అన్నారు డైరెక్టరు గారు.

"పన్నెండవది కమిటీ సమక్షముననే గల్లంతైనది" అన్నారు శేషావతారం గారు, గడియారం చూసి. "పది గంటల నలభై నిమిషములకు."

మళ్ళీ నొక్కింది. పధ్నాలుగు దొరికింది, పదమూడు పోయింది. మళ్ళీ నొక్కింది. అయిదుసార్లు నొక్కేసరికి రికార్డులో అయిదు దొరకడాలు, అయిదు పోవడాలు నమోదయ్యాయి. ఇన్ని దొంగతనాలు ఒక్క ఉదయంలో, అదీ కమిటీ కళ్ళెదుట, ఆ కేంద్రం చరిత్రలో లేవు.

"ఇంక నొక్కకే తల్లీ" అంది నూకరత్నం వెనకనుంచి, ఆగలేక. "నొక్కినకొద్దీ కేసులు పెరిగిపోతన్నాయి."

ఇందుమతి ఓపిక చేసుకుంది. "సార్, ఇవి అయిదు వస్తువులు కావు, ఒకే వస్తువు చేసే అయిదు పనులు. మీరిక్కడ అధ్యక్షులు. ఇంటికెళ్తే నాన్నగారు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు అధ్యక్షులు గల్లంతయ్యారని ఎవరైనా అంటారా?"

"నేను ఇంట్లోనూ అధ్యక్షుడనే" అన్నారు డైరెక్టరు గారు గంభీరంగా.

"పోనీ, రిజిస్టరులో పొరపాటున అయిదని పడింది. ఒకటని దిద్దితే సరిపోతుంది కదా?"

శేషావతారం గారు ఎర్రపెన్సిలు కింద పెట్టారు.

"రిజిస్టరులో తప్పా? ఈ కేంద్రము స్థాపించి ముప్పది ఏడు సంవత్సరములు. రిజిస్టరులో తప్పు జరిగినట్లు ఇంతవరకు ఏ రిజిస్టరులోను లేదు."

"మరి తప్పులు దిద్దే బోర్డు తయారుచెయ్యమని మీరే కదా సార్ నాకు పని అప్పగించారు?"

"అది బయటి తప్పులకు" అన్నారు డైరెక్టరు గారు. "ఉపగ్రహములు, ఓడలు, టెలివిజన్లు చేయు తప్పులకు. రేపు సాయంత్రము అయిదు గంటలలోగా నాలుగు యంత్రములను అప్పగింపనిచో మీ ప్రొబేషను రద్దు చేయక తప్పదు. మంచినీళ్ళు."

నూకరత్నం నీళ్ళిచ్చి, తిన్నగా స్టోర్సుకి వచ్చి, తెల్లకాగితం ముందేసుకుంది. వెనకాలే వచ్చిన పట్నాయక్ గారు చూశాడు.

"ఏటి రాస్తున్నావు?"

"నిజం రాస్తన్నాను బాబూ. బోర్డు ఒకటే, నేనే భయపడి అయిదు రాయించాను, తప్పు నాది, నా కూతురుది కాదు అని."

"నీకేమన్నా పిచ్చా? తప్పు నాది అని ఈ ఆఫీసులో ఎవరైనా రాశారా ఎప్పుడైనా? నీ ఉద్యోగం పోతాది రత్నమ్మా."

"నాది పోతే పోనీండి. నేను ఎలాగూ రోజూ పోయిందనే అనుకుంటన్నాను."

ఎనిమిదో తరగతి దస్తూరీలో, గుండ్రంగా, నాలుగు వాక్యాలు రాసింది. దార్లో పోతుందేమోనని మరో నాలుగు ప్రతులు తీసింది. ఒకటి తపాల్లో వేసింది. ఒకటి డైరెక్టరు గారి బల్లమీద అద్దం కింద పెట్టింది. ఒకటి శేషావతారం గారి టార్చిలైటుకి రబ్బరుబ్యాండుతో కట్టింది. ఒకటి పట్నాయక్ గారి చేతికే ఇచ్చింది. అయిదోది తన జాకెట్లో దాచుకుంది.

ఆ ఉత్తరం నిజంగానే ఆఫీసుని ఇరకాటంలో పెట్టింది. తప్పు ఒప్పుకునే కాగితానికి ఫైలు నెంబరు లేదు. అంతకన్నా ఇబ్బంది, నూకరత్నం చేసిన తప్పు మీద వరసగా సంతకాలున్నాయి. నమోదు చేసినట్టు పట్నాయక్ గారిది. సరిచూసినట్టు సెక్షను ఆఫీసరుది. రిజిస్టరు నిర్దుష్టమని ధ్రువీకరించినట్టు శేషావతారం గారిది. ఆమోదించినట్టు డైరెక్టరు గారిది. ఆవిడ తప్పు చేసిందంటే వీళ్ళంతా ఆ తప్పుని చదివి, బాగుందని సంతకం పెట్టినట్టే.

కాగితం పైకి కదిలింది. పట్నాయక్ గారు శుభ్రంగా తిరగరాస్తూ 'తప్పు' తీసి 'పొరపాటు' అన్నాడు. సెక్షను ఆఫీసరుకి పొరపాటు మరీ కటువుగా అనిపించి 'అవగాహనలోని స్వల్ప వ్యత్యాసము' అని మార్చాడు. శేషావతారం గారు వ్యత్యాసం దగ్గర ఎర్రపెన్సిలుతో గీటు పెట్టి, 'అవగాహనతో కూడిన నమోదు విధానము' చేశారు. డైరెక్టరు గారి బల్ల చేరేసరికి అది ఒక కొత్త విధానం. ఆయన ఎంతో సంతోషించి, 'ఆదర్శప్రాయము' అన్న మాట తన చేత్తో చేర్చారు.

శుక్రవారం నాలుగున్నరకి ఉత్తర్వు వచ్చింది. ఇందుమతి కాగితం విప్పి పైకి చదివింది.

"'సమగ్రముగా పరిశీలింపగా, అయిదు యంత్రములును సమీకృత రూపమున, ఒకే స్థలమున, క్షేమముగా ఉన్నట్లు తేలినది. నాలుగింటి స్థలమును ఆదా చేసిన ఈ నమోదు విధానము ఆదర్శప్రాయము. కావున కుమారి ఇందుమతి సర్వీసును క్రమబద్ధము చేయడమైనది.'"

"అంటే?"

"పర్మనెంటమ్మా."

"సరిగ్గా చదివేవా? వెనకపేజీ చూశావా?"

వెనకపేజీ లేదు గానీ, కింద ఇంకో కాగితం ఉంది. అది నూకరత్నం పేర. 'తప్పు జరుగని చోట తప్పు జరిగినదని వ్రాతపూర్వకముగా ఆరోపించి, అదియును నాలుగు ప్రతులలో ప్రచారము చేసి, కార్యాలయ గౌరవమునకు భంగము కలిగించినందులకు మీపై చర్య ఏల తీసికొనరాదో మూడు దినములలో తెలుపవలెను.'

నూకరత్నం అది విని, కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల ముందు కూర్చుని, పెన్ను మూత తీసింది. ఇందుమతి గబగబా దగ్గరికొచ్చింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

"అయ్యా, తప్పు జరిగిందనుకోవడం నా తప్పు, అని."

"అయ్యో, ఆ మాట మళ్ళీ రాయకు! ఒకసారి రాసినందుకే కదా ఈ మెమో!"

"రాయనీవే. నిన్న రాసినది నాలుగు బల్లలు దాటేసరికి ఏటయిందో చూశావు కదా." ఆవిడ మొదటి ప్రతి పూర్తిచేసి, రెండో కాగితం తీసుకుంది. "ఇదీ అలాగే దాటీసిందనుకో, నాకు ప్రమోషనిచ్చి పట్నాయక్ గారి కుర్చీలో కూర్చోబెట్టీసినా పెట్టీస్తారు. అదే భయంగా ఉంది."